చందమామలా వెంట వచ్చే చుక్క

ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి .22 రైఫిల్ పట్టుకుని నేలమీద బోర్లా పడుకున్నప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఇరవై అయిదు గజాల అవతల కర్ర చట్రానికి అంటించిన కాగితం. కంటికి దగ్గరగా వెనక గురిలో 'యు' ఆకారపు గాడి, గొట్టం చివర ముందు గురి మొన, కాగితం మీద నల్లటి వృత్తం. ఈ మూడూ ఒక్క గీత మీదికి రావాలి. వచ్చాయనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి మసకబారేది. మొన స్పష్టంగా కనిపిస్తే కాగితం కరిగిపోయేది. కాగితం మీద చూపు నిలిపితే మొన అలుక్కుపోయేది. అయిదు తూటాలు కాల్చాను. కాగితం మీద మూడు చిల్లులు దొరికాయి, అవీ ఎడమొహం పెడమొహంగా. హవల్దారు గారు తిట్టలేదు. మొన మీదే చూపు నిలపమన్నారు, కాగితం మసగ్గా ఉన్నా ఫర్వాలేదన్నారు.

ఆయన చెప్పింది అచ్చమైన భౌతికశాస్త్రం. చేయి చాపి మీ బొటనవేలి గోరునే చూడండి. దాని వెనక గోడ మీది క్యాలెండరులో తిథులు చదవలేరు. తిథులు చదువుతుంటే గోరు మసకబారుతుంది. కంటిలోని కటకం ఒకసారికి ఒక్క దూరానికే సర్దుకోగలదు. తుపాకీ గురిలో మూడు దూరాలున్నాయి: వెనక గాడి జానెడు దూరంలో, ముందు మొన రెండు మూడడుగుల్లో, లక్ష్యం ఎక్కడో దూరంగా. కుర్రతనంలో కంటి కటకం చకచకా మారుతుంది కాబట్టి మూడూ ఒకేసారి కనిపిస్తున్నాయన్న భ్రమ కలుగుతుంది. నలభై దాటి చత్వారం వచ్చాక ఆ భ్రమ కూడా పోతుంది.

దీనికి పాత పరిష్కారం ఒకటుంది: సన్నని రంధ్రం. చిన్న రంధ్రంలోంచి చూస్తే దగ్గరవీ దూరానివీ అన్నీ ఓ మోస్తరు స్పష్టంగా కనిపిస్తాయి. కళ్లజోడు మరిచిపోయినప్పుడు పిడికిలి సందులోంచి చూసి బస్సు బోర్డు చదువుకునే చిట్కా ఇదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాదీ గగన్ నారంగ్ వాడింది ఇలాంటి రంధ్రపు గురే. ఆ పోటీలో కటకాలున్న గురులకు అనుమతి లేదు. అయితే రంధ్రం వెలుతురును తగ్గిస్తుంది, చూసే వైశాల్యాన్ని కుదిస్తుంది. తీరిగ్గా గురిపెట్టే ఆటకు అది చాలు. మిగతా వాళ్లకు ఇంకో దారి కావాలి. ఆ దారి డబ్లిన్‌లో దుర్భిణులు తయారుచేసే ఒక మనిషికి తట్టింది.

ఆయన పేరు హోవర్డ్ గ్రబ్. హైదరాబాదుకు ఆ పేరు కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత డబ్బుతో 15 అంగుళాల దుర్భిణి తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల మొదలుపెట్టాడు. అదే తర్వాత నిజామియా వేధశాలగా బేగంపేటకు చేరింది. ఆ దుర్భిణి గ్రబ్ కార్ఖానాలో తయారైనదే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1900లో, గ్రబ్ తుపాకులకు ఒక కొత్తరకం గురిని కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది రాయల్ డబ్లిన్ సొసైటీ ప్రచురణల్లో దాన్ని వివరించాడు. నక్షత్రాల్ని చూసే పనిలో ఉన్నవాడికే ఇది తట్టడంలో ఆశ్చర్యం లేదు. ఎందుకంటే దీని రహస్యమంతా నక్షత్రాల దూరంలోనే ఉంది.

చిన్నప్పుడు రాత్రిపూట బస్సు కిటికీలోంచి చూస్తే చందమామ మనతోపాటే వస్తుంది కదా. చెట్లు వెనక్కి పరుగెడతాయి, కరెంటు స్తంభాలు పరుగెడతాయి, చంద్రుడు మాత్రం కిటికీని వదలడు. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు మన దగ్గరికి చేరేసరికి ఒకదానికొకటి సమాంతరమైపోతాయి. మనం పది గజాలు పక్కకు జరిగినా అదే దిశ నుంచి వస్తున్నట్టే ఉంటాయి. చంద్రుడి దిశను తప్పించుకోవడం మన తరం కాదు. ఇప్పుడు తుపాకీ మీద ఒక బుల్లి చంద్రుణ్ణి పెట్టగలిగితే? తల కాస్త అటూ ఇటూ కదిలినా ఆ చంద్రుడి దిశ మారదు. దాన్ని గొట్టం దిశకు ముందే సరిచేసి పెట్టుకుంటే చాలు. పైగా ఆ చంద్రుడు దూరంగా ఉన్నట్టే కనిపిస్తాడు కనుక లక్ష్యాన్ని చూసే కన్ను చంద్రుణ్ణి కూడా అదే సర్దుబాటుతో చూడగలదు. మూడు దూరాలు ఒక్కటైపోతాయి. చత్వారానికి పని లేదు.

ఆ బుల్లి చంద్రుణ్ణి తయారుచేయడం ఎలాగో పుటాకార దర్పణం పాఠం చదివిన పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. దర్పణం నాభి దగ్గర దీపం పెడితే కిరణాలు సమాంతరంగా బయటికొస్తాయి. మోటారు సైకిలు హెడ్‌లైటులో జరిగేది అదే. దర్పణాన్ని కొంత పారదర్శకంగా చేసి, కొద్దిగా వంచి, దీపాన్ని ఒక పక్కన పెట్టండి. అద్దంలోంచి అవతలి లోకం కనిపిస్తుంది, దాని మీద ఒక వెలుగు చుక్క తేలుతుంది. ఆ చుక్క అద్దం మీద అంటించినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అద్దం మీద ఏమీ ఉండదు. వేలితో తుడిచి చూడండి, చుక్క ఎక్కడుందో మీకే తెలుస్తుంది: చెట్ల అవతల.

గ్రబ్ ఆలోచన బాగున్నా దానికి తగిన దీపం ఆ రోజుల్లో లేదు. 1918లో జర్మన్ యుద్ధవిమానాల్లో బల్బుతో వెలిగే ఇలాంటి గురులు వచ్చాయి. రైఫిల్ మీద పట్టేంత చిన్న దీపం కావాలంటే 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రటి ఎల్‌ఈడీని వెలిగించేదాకా ఆగాల్సి వచ్చింది. 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ ఎల్‌ఈడీతో మొట్టమొదటి రెడ్ డాట్ గురిని అమ్మకానికి పెట్టింది. 1990ల చివరికి అమెరికా సైన్యం ఆ సంస్థ గురుల్ని పెద్ద ఎత్తున కొనడం మొదలుపెట్టింది. సైన్యం కొన్నదాన్ని బజారు అనుకరించింది. ఇప్పుడు ముప్ఫై డాలర్ల నుంచి వెయ్యి డాలర్ల దాకా ఈ గురులు దొరుకుతున్నాయి, చూడటానికి అన్నీ ఒకేలా.

అన్నీ ఒకేలా ఉన్నందుకే టెక్సాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు నన్ను పట్టుకున్నాడు. వాడికి వారాంతాల్లో రేంజికి వెళ్లి .22 రైఫిల్‌తో కాగితం మీద కాల్చడం సరదా. వయసు నలభై ఆరు. ముందు మొన మసకబారడం మొదలైంది. "అన్నయ్యా, నువ్వు ఫిజిక్సు చెప్పేవాడివి కదా, ఇందులో ఏముందో చెప్పు. నలభై డాలర్లదీ ఎర్ర చుక్కే చూపిస్తోంది, ఏడొందల డాలర్లదీ ఎర్ర చుక్కే చూపిస్తోంది. మిగతా ఆరొందల అరవై దేనికి?" అన్నాడు. ఇంత సూటి ప్రశ్న నన్ను నా విద్యార్థులు కూడా అడగలేదు. జవాబుకు చిన్న లెక్క కావాలి.

గురుల పెట్టెల మీద ఎంఓఏ అని ఉంటుంది. డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. మన పంచాంగకర్తలకు ఇది కొత్త కాదు. రాశి, భాగ, కళ, వికళ అని వాళ్లు గ్రహస్ఫుటాలు కడతారు కదా, అందులో కళ అంటే ఇదే. చంద్రకళ వేరు, ఇది వేరు. పున్నమి చంద్రుడి వ్యాసం దాదాపు 30 కళలు. 2 ఎంఓఏ చుక్క అంటే చంద్రుడి వ్యాసంలో పదిహేనో వంతు. వంద గజాల దూరంలో ఒక ఎంఓఏ అంగుళం కన్నా కాస్త ఎక్కువ అవుతుంది. వంద మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు.

ఇప్పుడు గురి లోపలికి వెళదాం. దర్పణానికీ దీపానికీ మధ్య 40 మిల్లీమీటర్ల దూరం ఉందనుకోండి. 2 ఎంఓఏ చుక్క కనిపించాలంటే వెలిగే భాగం ఎంత ఉండాలి? లెక్క వేస్తే 0.023 మిల్లీమీటరు వస్తుంది. తలవెంట్రుక మందంలో సుమారు మూడో వంతు. అంత చిన్న దీపాన్ని చేయడం నేడు పెద్ద కష్టం కాదు, దాని ఖరీదూ తక్కువే. కానీ అదే లెక్కను తిరగేసి చూడండి. ఆ దీపం తన చోటు నుంచి 0.023 మిల్లీమీటరు పక్కకు జరిగినా, దాన్ని పట్టి ఉంచిన 40 మిల్లీమీటర్ల లోపలి గొట్టం ఒక చివర అంతే జరిగినా, చుక్క 2 ఎంఓఏ జరుగుతుంది. వంద గజాల దగ్గర తూటా రెండంగుళాలు పక్కకు పోతుంది. ప్రతి తూటాకూ రైఫిల్ తన్నుతుంది. ఎండలో అల్యూమినియం వ్యాకోచిస్తుంది, ప్లాస్టిక్కు దానికి మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. ఇవన్నీ తట్టుకుని దీపం వెంట్రుకలో మూడో వంతు కూడా కదలకూడదు. మా తమ్ముడికి అదే చెప్పాను. చుక్కను చూపించడానికి నలభై డాలర్లు చాలు. మిగతా డబ్బు ఆ చుక్కను ఉన్నచోట ఉంచడానికి.

చెబితే సరిపోదు, చూపించాలి. నేనప్పుడు టెక్సాస్‌లో వాడింట్లోనే ఉన్నాను. వాడు అప్పటికే నలభై డాలర్ల గురి ఒకటి తెప్పించుకున్నాడు. దాన్ని తిరిగిచ్చే గడువు ఇంకా ఉంది. నూట ముప్ఫై డాలర్లది ఒకటి వాడి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చాం. ఇంటి ముందు గ్యారేజీలో పనిబల్లకు బిగించిన వైస్ ఉంది. రైఫిల్‌తో పని లేకుండా గురిని ఒక చిన్న రైలు ముక్కకు (తుపాకీ మీద గురులు బిగించే గాళ్ల పట్టీకి రైలని పేరు) బిగించి, ఆ ముక్కను వైస్‌లో పట్టాం. వీధి చివర, 80 మీటర్ల దూరంలో ఒక దీపస్తంభం. చుక్కను స్తంభం మధ్యకు తెచ్చాం.

ముందు తల కదిపి చూశాం. కన్ను అద్దం కుడి అంచుకు, ఎడమ అంచుకు, పైకీ కిందికీ. రెండు గురుల్లోనూ చుక్క స్తంభాన్ని వదల్లేదు. చవక గురిలో అంచుల దగ్గర కాస్త గుంజినట్టు అనిపించింది, అంతే. దృష్టిభేదం లేనే లేదని పెట్టెల మీద రాసే మాట అతిశయోక్తే. పెట్టెలు దాన్ని పారలాక్స్ అంటాయి. కానీ దాని గురించి పడే భయం అంతకన్నా పెద్ద అతిశయోక్తి. కిరణాలు కచ్చితంగా సమాంతరమైతే కన్ను ఎంత పక్కకు జరిగిందో చుక్క లక్ష్యం మీద అంతే జరుగుతుంది. 20 మిల్లీమీటర్ల అద్దంలో మధ్య నుంచి అంచుకు 10 మిల్లీమీటర్లు. కాగితం మీద ఆ పొరపాటు మీ చిటికెన వేలి మందం దాటదు. అద్దం వంపు సరిగ్గా లేని నాసిరకం గురుల్లోనే ఇది పెరుగుతుంది. మంచి వాటిలో రెండు గాజుల మధ్య దర్పణపు పూత పెట్టి ఆ వంపు దోషాన్ని సరిచేస్తారు. సెర్చిలైట్ల కోసం 1870లలో ఫ్రెంచి సైనికాధికారి మాంజిన్ కనిపెట్టిన ఉపాయం అది.

తర్వాత మరలు. చుక్కను కదిలించే రెండు మరలుంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఒకటి పక్కలకు. ఒక్కో 'టిక్కు'కు ఒక ఎంఓఏ కదలాలి. ఇరవై టిక్కులు కుడికి, ఇరవై పైకి, ఇరవై ఎడమకి, ఇరవై కిందికి తిప్పితే చుక్క చతురస్రం గీసి మొదలైన చోటికే రావాలి. నూట ముప్ఫై డాలర్లది వచ్చింది. నలభై డాలర్లది రాలేదు. స్తంభం ఎడమ అంచు దగ్గర ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ కర్ర పిడితో గురి పక్కన మెల్లగా రెండు దెబ్బలు వేశాను. చుక్క ఉలిక్కిపడినట్టు కదిలి స్తంభాన్ని దాటి అవతలికి పోయింది. మా తమ్ముడు కంటిని అద్దానికి అల్లంత దూరంలో పెట్టుకుని, "నేనేం ముట్టుకోలేదన్నయ్యా" అన్నాడు.

ఆ కదలికను కొలవొచ్చు. స్తంభం మందం దాదాపు 10 సెంటీమీటర్లు. 80 మీటర్ల దూరంలో అది 4 ఎంఓఏ పైచిలుకు. అంటే లోపలి గొట్టం ఒక చివర 0.05 మిల్లీమీటరు జరిగింది. సాధారణంగా ఆ గొట్టాన్ని రెండు పక్కల నుంచి మరలు నెడతాయి, ఎదురుగా ఒక స్ప్రింగు వెనక్కి నెడుతుంది. స్ప్రింగు నీరసంగా ఉంటే మర తిప్పినప్పుడు గొట్టం వెంటనే కదలదు, ఎక్కడో తట్టుకుని ఆగుతుంది. రైఫిల్ ఒక్కసారి తన్నగానే జారి కూర్చుంటుంది. రేంజిలో మనిషి దీన్ని తన చేతి తప్పనుకుంటాడు. మళ్లీ మరలు తిప్పుతాడు. డబ్బా తూటాలు అయిపోతాయి, చిల్లులు మాత్రం ఒక చోట చేరవు. నలభై డాలర్లతో పోయిందనుకున్న ఖర్చు తూటాల రూపంలో రెట్టింపవుతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే: చవక గురి తన లోపాన్ని వాడేవాడి మీదికి నెడుతుంది.

మన దేశంలో ఈ గురులు కొనేవాళ్లలో ఎయిర్ రైఫిల్ వాళ్లూ ఉంటారు. రైఫిల్‌కైతే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ఎయిర్ రైఫిల్‌కు తన్ను ఉండదు కదా, ఏ గురైనా చాలుననుకోవద్దు. స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్‌లో బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంటే తుపాకీ వెనక్కి తంతుంది. పిస్టన్ చివర గుద్దుకుని ఆగగానే ముందుకు తంతుంది. మామూలు రైఫిల్ ఒక దిక్కుకే తంతుంది కనుక గురి నిర్మాణం దానికే సిద్ధపడి ఉంటుంది. ఈ రెండో తన్ను ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మంచి గురులు కూడా దానికి వదులైపోతాయి. స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కు తగినదని తయారీదారు రాసి ఇచ్చినది తప్ప కొనొద్దు.

ఇక బ్యాటరీ. పెట్టె మీద 50,000 గంటలు అని కనిపిస్తే చాలామంది నవ్వి నమ్మరు, లేదా నమ్మి లెక్క చూడరు. లెక్క చూద్దాం. వీటిలో ఎక్కువగా వాడేది సీఆర్2032, పాత కంప్యూటర్లలో గడియారాన్ని నడిపే నాణెం లాంటి బిళ్ల. అందులో దాదాపు 220 మిల్లీఆంపియర్-గంటల విద్యుత్తు ఉంటుంది. 50,000 గంటలతో భాగిస్తే 4.4 మైక్రోఆంపియర్లు. చీకట్లో కనిపించేంత మందమైన వెలుగుకు ఆ కరెంటు చాలు. అయిదేళ్ల ఎనిమిది నెలలకు పైగా ఆర్పకుండా వెలుగుతుంది. కానీ టెక్సాస్ మధ్యాహ్నపు ఎండలో, రెంటచింతల ఎండలో, చుక్క కనిపించాలంటే వెలుగును పెంచాలి. కరెంటు ఒక మిల్లీఆంపియర్‌కు చేరితే అదే బిళ్ల 220 గంటల్లో, అంటే తొమ్మిది రోజుల్లో ఖాళీ. కాబట్టి ఎన్ని గంటలన్నది ఏ వెలుగు మెట్టు దగ్గర కొలిచారో చూడాలి. అది రాయని పెట్టె మీది అంకెకు విలువ లేదు. కదిలిస్తే వెలిగి, కాసేపు కదలకపోతే ఆరిపోయే ఏర్పాటు చవక గురుల్లోకి కూడా వచ్చింది. దానికి పది ఇరవై డాలర్లు ఎక్కువ పెట్టడం నా దృష్టిలో దండగ కాదు.

చుక్క ఎర్రగానే ఎందుకుండాలి? పగటిపూట మన కన్ను ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల దగ్గరి పసుపు కలిసిన ఆకుపచ్చ రంగుకు. ఎరుపు ఆ లెక్కన బలహీనమే. కానీ గడ్డి, చెట్లు, మట్టి ఉన్న చోట ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ చౌక, కరెంటు తక్కువ తాగుతుంది. అద్దం మీది పలచని పొరలు ఆ ఎర్రరంగు పట్టీని మాత్రం కంటివైపు తిప్పి, మిగతా రంగుల్ని వదిలేస్తాయి. వాన వెలిశాక రోడ్డు మీద పెట్రోలు మరక రంగులు పూసినట్టు, ఇక్కడా పొరల మందమే రంగును ఎంచుతుంది. అద్దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి అందులోంచి చూడండి. కాగితం కాస్త నీలంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఎరుపులో కొంత అద్దం దగ్గరే వెనక్కి పోయింది. ఆ నీలం లేతగా ఉంటే పూత బాగుంది. కళ్లద్దాలకు రంగు వేసినంత ముదురుగా ఉంటే పూత ఎక్కువ రంగుల్ని మింగుతోంది, సాయంత్రం ఆరు దాటితే లక్ష్యం కనిపించదు.

ఒక విషయం కొనేముందే తెలియాలి. చాలామందికి చుక్క గుండ్రంగా కనిపించదు. కామాలా, ద్రాక్షగుత్తిలా, పగిలిన నక్షత్రంలా కనిపిస్తుంది. గురి పాడైందని తిరిగి పంపిస్తారు, కొత్తదీ అలాగే ఉంటుంది. తప్పు కంటి ముందరి పొర వంపులో ఉంది, దాన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. తేల్చుకోవడం సులువు. గురిని నిలకడగా ఉంచి మీ తలను పక్కకు వంచండి. కామా కూడా తలతో పాటు తిరిగితే అది కంటిది. ఈసారి తలను కదపకుండా గురిని గుండ్రంగా తిప్పండి. కామా గురితో తిరిగితే అది గురిది. ఫోను కెమెరాను అద్దం వెనక పెట్టి ఫొటో తీసినా తెలిసిపోతుంది, ఫోనుకు ఆస్టిగ్మాటిజం ఉండదు. మా తమ్ముడికి చుక్క తోకచుక్కలా కనిపించింది. ఫొటోలో గుండ్రంగా ఉంది. కళ్లజోడు పెట్టుకున్నాక తోక సగం తగ్గింది, వెలుగు రెండు మెట్లు దించాక దాదాపు మాయమైంది. ఎనిమిది వందల డాలర్ల గురి కొన్నా వాడికి ఆ తోక ఉండేది.

రెండు కళ్లూ తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. ఒక కంటికి చుక్క, ఇంకో కంటికి లోకం, రెంటినీ మెదడు కలిపేసుకుంటుంది. 1970 నవంబరులో ఉత్తర వియత్నాంలోని సోన్ తే ఖైదీల శిబిరం మీద దాడికి వెళ్లిన అమెరికన్ సైనికుల రైఫిళ్ల మీద ఉన్న గురుల్లోంచి అసలు అవతలివైపు ఏమీ కనిపించదు, చుక్క మాత్రమే కనిపిస్తుంది. రెండో కన్ను లక్ష్యాన్ని చూస్తుంది. మీ గురికి ముందు వైపు కాగితం అడ్డుపెట్టి మీరూ చేసి చూడొచ్చు.

చుక్క పరిమాణం గురించి చర్చలు చాలా పెద్దవి, విషయం చిన్నది. వంద గజాల దాకా కాగితం మీద కాల్చేవారికి 2 లేదా 3 ఎంఓఏ చాలు. దగ్గరి లక్ష్యాల మీద వేగంగా గురి కుదరాలంటే 6 బాగుంటుంది. మన కంటి సూక్ష్మతే సుమారు ఒక ఎంఓఏ, అంతకన్నా చిన్న చుక్క మీద డబ్బు పెట్టినా కంటికి తేడా తెలియదు.

ఖరీదైనదైతే కళ్లు మూసుకుని కొనొచ్చా? కొనకూడదు. 2015లో అమెరికా ప్రభుత్వానికి ఎల్-3 సంస్థ 2 కోట్ల 56 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అప్పటి దాని ఈఓటెక్ గురులు సైనికులు వాడినవి. అవి ఎల్‌ఈడీవి కావు, లేజరుతో హోలోగ్రాం చూపించే వేరే జాతి, ధర చాలా ఎక్కువ. విపరీతమైన చలిలో, వేడిలో వాటి గురి జరిగిపోతోందన్నది ఆరోపణ. ఆ సంగతి ముందే తెలిసీ చెప్పలేదన్నది అసలు కేసు. అంత ధరలోనూ ఆ వెంట్రుక మందపు సమస్య వెంటాడింది.

గురి ఎంత మంచిదైనా రైలుకు బిగించే మరలు వదులైతే అంతా వృథా. అమెరికన్ రైఫిళ్ల మీద ఉండే పికటిన్నీ రైలుకు 1995లో సైనిక ప్రమాణం ఖరారైంది. గాళ్ల మధ్య దూరం 10.01 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ గురైనా దాని మీద కూర్చుంటుంది. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాక, గురిని గాడిలో ముందుకు నెట్టి పట్టుకుని బిగించాలి, ఎందుకంటే తన్ను దాన్ని ముందు అంచుకే తోస్తుంది. తయారీదారు చెప్పినంతే బిగించి, మర మీద సన్నని గీత పెట్టుకోండి. గీత విడిపోతే మర వదులైనట్టే.

గురి గొట్టానికి పైన ఉంటుంది, తూటా గొట్టంలోంచి వస్తుంది. చూపు తిన్నగా పోతుంది, తూటా వంగుతూ పోతుంది. .22 తూటా సెకనుకు దాదాపు 330 మీటర్ల వేగంతో బయలుదేరితే 50 మీటర్లు చేరేసరికి 12 సెంటీమీటర్లకు పైగా కిందికి పడుతుంది. అందుకే ఏదో ఒక దూరాన్ని ఎంచుకుని చుక్కను, చిల్లును కలుపుతారు. మా తమ్ముడికి 50 గజాలు ఎంచాం.

నలభై డాలర్లది తిరిగి పంపాడు. వంద నుంచి రెండు వందల డాలర్ల మధ్య అమెరికాలో హోలోసన్ 403, సిగ్ రోమియో 5 లాంటివి దొరుకుతాయి. బుష్నెల్ టీఆర్ఎస్-25 అంతకన్నా చవక, చుక్క కాస్త పెద్దది. .22కు వీటిలో ఏదైనా సరిపోతుంది. ఖరీదైన ఎయిమ్‌పాయింట్ మంచుకొండల్లో, ఇసుక తుపానుల్లో ఏళ్ల తరబడి తిరిగేవారి కోసం. ఆదివారం కాగితానికి అది అక్కర్లేదు.

వాడు అరువు గురి లాంటిదే కొన్నాడు. రేంజిలో 50 గజాల నుంచి పది తూటాలు కాల్చాం, చెరో అయిదు. కాగితం తెచ్చి కారు బానెట్ మీద పరిచాం. వాడి అయిదూ ఒక్క రూపాయి బిళ్ల కిందికి వచ్చాయి. నావి అంత దగ్గరగా లేవు కానీ అయిదుకు అయిదూ కాగితం మీదే ఉన్నాయి.

మీరు ఏది కొన్నా తిరిగిచ్చే గడువు ముగియకముందే వైస్‌లో బిగించి, దూరపు స్తంభం మీద చుక్క పెట్టి, ఇరవై టిక్కుల చతురస్రం గీయించి, కర్ర పిడితో రెండు దెబ్బలు వేయండి. చుక్క అక్కడే ఉంటే ఉంచుకోండి.